కెర్రీది మాట మార్చడమా, మనసు మారడమా? అప్పట్లో ఓటేసినవాళ్లు కాస్త చెప్పండి

న్యూజెర్సీలో ఉంటాను. మొన్న భోజనాల దగ్గర 2004 అమెరికా అధ్యక్ష ఎన్నికల గురించి మా బాబాయికీ నాకూ పెద్ద వాదనే జరిగింది, పప్పుచారు చల్లారిపోయింది కూడా. ఆయన అప్పుడు బుష్‌కి ఓటేశారట. బుష్ మీద డెమోక్రాట్ల తరఫున పోటీ చేసిన సెనేటర్ జాన్ కెర్రీ గోడ మీద పిల్లి అంటారు.

నేను చదివినంతలో విషయం ఇది. 2002 అక్టోబర్‌లో ఇరాక్ మీద యుద్ధానికి బుష్‌కి అధికారమిచ్చే తీర్మానం సెనేట్‌లో 77-23తో నెగ్గింది, కెర్రీ కూడా అవుననే ఓటేశాడు. మరుసటి ఏడాది యుద్ధ ఖర్చులకు 8,700 కోట్ల డాలర్లు అడిగితే మాత్రం వద్దన్నాడు. కానీ అంతకుముందు, బాగా డబ్బున్నవాళ్లకిచ్చిన పన్ను రాయితీలు తగ్గించి ఆ సొమ్ము తెద్దామన్న సవరణకు మద్దతిచ్చాడు, అది ఓడిపోయాకే వద్దన్నాడు. ఇందులో కొంత లెక్క ఉందనిపిస్తుంది నాకు. అయితే 2004 మార్చిలో వెస్ట్ వర్జీనియాలో నోరు జారి, వ్యతిరేకంగా ఓటేసేముందు అనుకూలంగానే వేశానన్నాడు, ఇక రిపబ్లికన్లు ఊరుకుంటారా, సభల్లో హవాయి చెప్పులు పట్టుకుని ఊపారు (ఇక్కడ మాట మార్చేవాణ్ణి ఆ చెప్పుల పేరుతోనే, ఫ్లిప్-ఫ్లాప్ అని వెక్కిరిస్తారు).

అసలు నా డౌటు ఏమిటంటే, మారిన మాటలో నిజాయితీ ఉందో లేదో మీరు దేన్ని చూసి తేల్చుకున్నారు? ఓట్ల రికార్డు చూశారా, లేక టీవీ యాడ్లేనా? బాబాయికి ఏం చెప్పాలో తోచట్లేదు, ఆదివారం మళ్లీ వస్తున్నారు.