ఊపిరి లెక్క 50 దగ్గర ఊగుతుంటే ఏది ఖాయం చేసుకోవాలి?

సబ్‌సెంటర్‌లో సీహెచ్‌ఓగా (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) చేస్తున్నాను. తొమ్మిది నెలల పాపకు రెండు రోజులుగా దగ్గు, జ్వరం 100.8. డొక్కలు ఎగరేయడం లేదు, పాలు బాగానే తాగుతోంది. చిక్కంతా ఊపిరి లెక్క దగ్గరే. ఈ వయసులో నిమిషానికి 50, ఆపైన ఉంటే న్యుమోనియా కింద చూడాలి కదా. మెలకువగా తల్లి ఒళ్లో ఉన్నప్పుడు 54, నిద్రపోయాక 46 వచ్చింది. గౌను పైకెత్తి, పొట్ట కదలిక చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టాను (సగం లెక్కపెట్టి రెట్టింపు చేయడం మీద నాకు నమ్మకం లేదు). పారాసిటమాల్‌తో జ్వరం దిగాక చూసినా 48, 52 మధ్య ఊగుతోంది. ఆక్సీమీటరా, ఆ చిట్టి వేలికి నిలవనే లేదు. చివరికి పీహెచ్‌సీ డాక్టరుగారి దగ్గరకు పంపేశాను, అది వేరే సంగతి. ఇలా గీత మీద ఊగే పిల్లలకు మీరు ఏ లెక్క చూసి అమాక్సిసిలిన్ (యాంటీబయాటిక్) మొదలుపెడుతున్నారు: మెలకువలోదా, నిద్రలోదా?