ఎల్‌కేజీలో ఈనెపుల్లల లెక్క: చదువా, ఆటా?

ఎల్‌కేజీ అమ్మ: మాది అమలాపురం దగ్గర. మా పాప స్కూల్లో ఈ నెలంతా 'కొబ్బరితోట' అంశమట. ఈనెపుల్లలు లెక్కపెట్టడం, చిప్పల్లో చింతపిక్కలు వెయ్యడం. నోట్‌బుక్‌లో 10 దాటలేదు. పక్కింటి బాబు వేరే స్కూల్లో 100 దాకా రాసేస్తున్నాడు. స్కూలు మార్చాలా?

వరిచేను: మార్చెయ్యండి. పుల్లలు ఏరడానికి ఫీజెందుకండీ?

పంటకాలువ: తొందరపడకండి. నేను చిన్నపిల్లలకే చెబుతాను. ఆ బాబుని "నాలుగు పిక్కలు ఇయ్యి నాన్నా" అని అడిగి చూడండి. గుప్పెడు తీసి చేతిలో పెట్టే పిల్లలు చాలామంది. మా మేనల్లుడు ఐదు పిక్కలూ చక్కగా లెక్కపెట్టాడు. "మొత్తం ఎన్నిరా?" అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాడు. చివర చెప్పిన అంకే మొత్తం అని వాడికింకా తట్టలేదు. గెల్‌మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే దీని గురించి పుస్తకం రాశారు.

వరిచేను: పుస్తకాలు మనకొద్దు. మా అమ్మాయికి స్కూల్లో ధాన్యం కొలత ఆడించారట. ఇంటికొచ్చి "లాభం, రెండు, మూడు" అంటోంది. ఒకటి ఏమైపోయిందమ్మా అంటే నవ్వుతోంది. ఇదేం చదువు?

కుంచం తాత: ఆయ్, కుంచంతో కొలిస్తే లాభంతోనే మొదలెడతామండి. మా నాన్నగారు ఏడు అనేవారు కాదు, ఏడుపు మాటని. 'ఆరున్నొక్కటి' అనేవారు.

పంటకాలువ: చూశారా, ఆరు మీద ఒకటైతే ఏడు. అందులోనే కూడిక ఉంది.

వరిచేను: పరీక్షలో లాభం అని రాస్తే మార్కులేస్తారా?

అర టీ: ఎల్‌కేజీకి పరీక్షేంటి సార్ 😀

పడవరేవు: మా వాడి స్కూల్లో అంశం 'పడవ'. "పడవలో మూడు మనుషులు" అని నేర్పారు. ముగ్గురు అనాలని చెప్పేవాళ్లే లేరు.

పంటకాలువ: చెట్టు బొమ్మకి రంగులేయించి అదే అంశం అంటే నేనూ ఒప్పుకోనండి. కానీ వరిచేను గారు లాభం దగ్గరే ఆగిపోయారు. పిల్లకి ఎన్ని ఉన్నాయో తెలుస్తోందా లేదా, అది చెప్పండి. రాతపిచ్చి తల్లిదండ్రులతోనే మాకు తలనొప్పి.

వరిచేను: పిచ్చి అన్నారు కాబట్టి చెబుతున్నా. మా నాన్న కొబ్బరికాయలు దింపే కూలీ. ఆరేళ్లకే రాశి దగ్గర కూర్చుని కాయలు లెక్కపెట్టాను. దాన్నెవరూ అంశం అనలేదు, పని అన్నారు. లెక్క తప్పితే దెబ్బలు. మూడో తరగతిలో బోర్డు మీద నలభై ఐదు రాయమంటే 405 రాశాను. క్లాసంతా నవ్వింది. కాయలు వందల్లో లెక్కపెట్టేవాడిని, అంకె రాయడం రాలేదు. ఆ నవ్వు మా అమ్మాయికి తగలకూడదనే ఫీజు కడుతున్నా.

పంటకాలువ: ఆ మాట అనకూడదు, తప్పే. కానీ నలభై విని 40 రాశారు, దాని పక్కన ఐదు పెట్టారు. పదేసి పుల్లలు నాలుగు కట్టలు, విడిగా ఐదు పెట్టి చూపించాక రాయించి ఉంటే...

వరిచేను: మళ్లీ పుల్లలేనా!

ఎల్‌కేజీ అమ్మ: ఈలోగా మా పాపని నాలుగు పిక్కలు అడిగాను. సరిగ్గా నాలుగే ఇచ్చింది. పక్కింటి బాబుని అడగలేదు, వాళ్లమ్మ చిన్నబుచ్చుకుంటుంది. పలక మాత్రం కొన్నాను.