వానలు మొదలయ్యాక ఎరువు తొట్టెల నుంచి దుర్వాసన: ఏం చేయాలి?

మూడో అంతస్తు:
అందరికీ నమస్కారం. మాది బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లో 36 ఫ్లాట్ల అపార్టుమెంటు. వంటింటి తడి చెత్తను ఆవరణలోనే ఎరువుగా మార్చాలని మార్చిలో నాలుగు జాలీ తొట్టెలు పెట్టుకున్నాము. మే నెల దాకా ఏ ఇబ్బందీ రాలేదు. వానలు పట్టుకున్నాక కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తోంది, అడుగున నల్లటి ఊట చేరుతోంది, మూత తీస్తే బూడిదరంగు పురుగులు పాకుతున్నాయి. రోజుకు 100 కిలోల చెత్త దాటే చోట్లకే ఇలా ఆవరణలో ఎరువు చేయాలన్న నిర్బంధం, మనకెందుకీ తలనొప్పి అని కొందరు అంటున్నారు. ఆదివారం సమావేశంలో ఏం చెప్పాలో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

ఎండుటాకు:
ఆ వాసన వస్తోందంటే తొట్టెలో గాలి ఆడడం లేదని అర్థం. చెత్త నీటితో ముద్దకట్టినప్పుడు గాలి అక్కరలేని సూక్ష్మజీవులు పెరిగి గంధకపు వాయువులను వదులుతాయి. మార్చిలో మీకు బాగా సాగడానికి కారణం బహుశా ఎండుటాకులే. ఈ ఊళ్ళో ఆకులు విరివిగా రాలేది జనవరి నుంచి మార్చి దాకానే కాబట్టి, మేము అప్పుడే నిద్రగన్నేరు ఆకులను గోనెసంచుల్లో నింపి వానాకాలానికి దాచుకుంటాము. ఇప్పుడు మీకు ఆకులు దొరకకపోతే కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) గాని, వడ్రంగి దగ్గర దొరికే మామూలు చెక్క పొట్టు గాని వాడండి, ప్లైవుడ్ పొట్టు మాత్రం వద్దు. బకెట్ తడి చెత్తకు కనీసం బకెట్ పొడి సరుకు పడాలి. తరువాత లోపలి నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడండి: వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే సరిపోయినట్టు, ధారగా కారితే ఇంకా పొడి సరుకు కలపవలసిందే.

మేడమీది తోట:
పురుగుల గురించి ఒక మాట. మీరు వర్ణించినవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు కావచ్చు. అవి చెత్తను వేగంగా తింటాయి, కుట్టవు. ఎదిగిన ఈగ మన అన్నం మీద వాలదు. వాటిని చంపాలని ఫినాయిల్ మాత్రం పోయకండి, ఎరువును తయారుచేసే సూక్ష్మజీవులు కూడా పోతాయి. మా దగ్గర అసలు దోషం సాంబారు, పెరుగు, పప్పు గిన్నెలను తొట్టెలో నేరుగా వంచేవారిది. తొట్టె పక్కన ఒక జల్లెడ బకెట్ పెట్టి, నీరు వడగట్టాకే వేయాలని నియమం పెట్టాక సగం గొడవ తీరింది.

పాత కాపు:
2016 నాటి ఘన వ్యర్థాల నియమాలలో రోజుకు 100 కిలోల పరిమితి పెట్టింది పెద్ద ఎత్తున చెత్త వచ్చే చోట్లను గుర్తించడానికే. తడి పొడి వేరుచేయడం ప్రతి ఇంటికీ తప్పదు. ఇక్కడ 2015 డిసెంబరులో హైకోర్టు రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతిని (తడి చెత్తకు ఒక బుట్ట, డైపర్ల వంటి పనికిరాని చెత్తకు ఇంకొకటి, పొడి చెత్తకు సంచి) తప్పనిసరి చేసింది. బెంగళూరు చెత్తను తీసుకెళ్ళి పోసిన మండూరు ఊరివారు మన కంపును ఎన్నేళ్ళు భరించారో సమావేశంలో గుర్తుచేయండి. అక్కడ చెత్త పోయడం 2014 చివర్లో గాని ఆగలేదు. ఇంకొక సంగతి: వారానికి రెండుసార్లు తొట్టెను తిరగవేసే మనిషికి విడిగా జీతం, చేతి తొడుగులు ఇవ్వండి. ఊడ్చే పనితో పాటు ఇది కూడా ఉచితంగా చేయమంటే ఎవరూ మనసు పెట్టి చేయరు, వారిని తప్పుపట్టడానికీ లేదు.

మూడో అంతస్తు:
ధన్యవాదాలు. ఇప్పుడే రెండో తొట్టె నుంచి గుప్పెడు తీసి పిండాను, మోచేతి దాకా ధార కారింది. రేపు వడ్రంగిని అడిగి పొట్టు తెస్తాను. సాంబారు ఎవరు పోస్తున్నారో మాత్రం నాకు తెలుసు, మా ఇంట్లోనే.