డచ్ గ్రాంటుతో వచ్చిన నీటి బడ్జెట్ ఎందుకు నిలబడలేదు? ఇలాంటి విదేశీ సాయం మనకు అవసరమా?

సేద్యపు_లెక్క

1995లో నెదర్లాండ్స్ డబ్బుతో ఏపీవెల్ ప్రాజెక్టు వచ్చింది. చిన్న రైతులకు ఉమ్మడి బోర్లు వేయించారు. బోర్లు పెరిగేకొద్దీ నీళ్లు లోతుకు పోయాయి. ఉన్న నీటిని కొలుచుకుని, పంటలకు సరిపడా లెక్కవేసి వాడుకోవడం (అదే నీటి బడ్జెట్) నేర్పాలని, 2003 నుంచి అదే దేశం డబ్బుతో రైతులే భూగర్భజలాన్ని చూసుకునే ప్రాజెక్టు ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ మొదలైంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరు వందలకు పైగా గ్రామాల్లో నడిచింది. 2010లో ముగిసింది. ఆ ఏడాదే ప్రపంచ బ్యాంకు నివేదిక దాన్ని మెచ్చుకుంది. ఆ తర్వాత చాలా ఊళ్లలో కొలతలు ఆగిపోయాయి, కమిటీలు పేరుకే మిగిలాయి.

నా వాదన సూటిగా చెప్తాను. గడువు పెట్టి ఇచ్చే ఇలాంటి గ్రాంట్లు మనకు వద్దు. డబ్బున్నన్నాళ్లూ మీటింగులు, శిక్షణలు, గోడల మీద పటాలు. డబ్బు ఆగితే నీటిమట్టం కొలిచే మనిషి కూడా ఉండడు.

బోరుపాయింటు

కొలత ఆగింది కాబట్టి అంతా వృథా అంటే ఒప్పుకోను. అక్కడ రైతు చేతికి వచ్చిన లెక్క ఏమిటో చూడండి.

200 లీటర్ల డ్రమ్ము డెలివరీ పైపు కింద పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తారు. 50 సెకన్లు పడితే సెకనుకు 4 లీటర్లు. ఏడు గంటల కరెంటుకు రోజుకు దాదాపు లక్ష లీటర్లు. వరికి 1,200 మి.మీ. నీరు అనుకుంటే ఎకరానికి 48.5 లక్షల లీటర్లు కావాలి. అంటే ఆ బోరు ఒక్క ఎకరం వరికే 48 రోజులు పూర్తిగా తోడాలి. వేరుశనగకు 500 మి.మీ. వేసుకుంటే 20 లక్షల లీటర్లు. అవే నీళ్లతో రెండు ఎకరాలకు పైగా ఆరుతడి పంట (మడిలో నీరు నిలపకుండా, తడి ఆరాక మళ్లీ పెట్టేది) పండుతుంది.

ఊళ్లో వర్షమాపకం రీడింగు రోజూ, పరిశీలక బోర్లలో (మట్టం చూడడానికి ఎంచుకున్నవి) నీటిమట్టం పదిహేను రోజులకోసారి రాసేవారు. వానలు ముగిశాక, రబీ విత్తనం పడకముందు, వాగు పరీవాహకంలోని ఊళ్లన్నీ ఒకచోట కూర్చుని ఎంత నీరు చేరింది, ఎవరెవరు ఏం వేయబోతున్నారు, ఎంత లోటు పడుతుంది అని తేల్చేవారు. ఎవరినీ ఏ పంటా మానమని బలవంతపెట్టలేదు. లోటు అంకె అందరి ముందూ కనిపిస్తుంది, నిర్ణయం ఎవరిది వారిదే.

రాతినేల

బోరుపాయింటు గారి లెక్కలో ఒక సవరణ. వరికి పెట్టిన నీరంతా పోదు. నీటిమట్టం 10 నుంచి 25 మీటర్ల లోతులో ఉంటే, బోరు నీటితో వేసిన వరి మడి నుంచి 35 శాతం తిరిగి భూమిలోకి ఇంకుతుందని 1997 నాటి భూగర్భజల అంచనా కమిటీ ప్రమాణం. ఆరుతడి పంటలకు 15 శాతమే. కాబట్టి ఎకరం వరికి నికరంగా పోయేది దాదాపు 31.5 లక్షల లీటర్లు.

అయినా మన గ్రానైటు నేలల్లో అది మోయలేని భారం. కుళ్లురాయి (గట్టి రాతి పైన మెత్తబడిన రాయి) పొరలో తోడుకోగలిగే నీరు 2 శాతం అనుకుందాం. వానలకు మట్టం 5 మీటర్లు లేచినా చేరింది 100 మి.మీ. మాత్రమే, ఎకరానికి 4 లక్షల లీటర్లు. అంటే ఒక ఎకరం వరి నిలబడాలంటే చుట్టూ ఎనిమిది ఎకరాల నేల కింద చేరిన నీరంతా కావాలి. తాగునీరు, పశువుల నీరు ఇంకా తీయలేదు.

ఇక కొలతల్లో ఎక్కడ చెడుతుందో చెప్తాను, చర్చలో ఇది ఎవరూ ఎత్తరు. మోటారు నడుస్తుండగా, లేదా ఆపిన వెంటనే మట్టం కొలిస్తే అది బోరు తాత్కాలిక మట్టమే, ఊరిది కాదు. కరెంటు రాకముందు, మోటారు రాత్రంతా ఆగి ఉన్నప్పుడు కొలవాలి. పక్క బోరుకు ఆటో స్టార్టర్ (కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపేది) ఉంటే అది ఎప్పుడు నడిచిందో కూడా రాసుకోవాలి. నేలపైకి లేచిన కేసింగ్ పైపు ఎత్తు తీసేయడం మర్చిపోతే ప్రతి రీడింగులోనూ అర మీటరు తేడా వస్తుంది. వదిలేసిన బోరునే పరిశీలక బోరుగా ఎంచుకుంటే అది పూడిపోయి కొలత టేపు సెన్సర్ దిగదు. వర్షమాపకం చెట్టు పక్కన పెడితే గరాటులో ఆకు పడి వాన తక్కువ చూపిస్తుంది. ఒక్క సీజను పర్యవేక్షణ లేకపోతే రిజిస్టరు మొత్తం నమ్మలేనిదవుతుంది.

ఖజానా_పద్దు

అసలు కారణం డబ్బు నడిచిన దారిలో ఉంది. 2003లో కేంద్రం చిన్న దాతల నుంచి ప్రభుత్వానికి నేరుగా సాయం వద్దంది. ఇవ్వదలిస్తే స్వచ్ఛంద సంస్థల ద్వారానో, ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారానో ఇవ్వమంది. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్‌కు డచ్ డబ్బు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ద్వారా స్వచ్ఛంద సంస్థలకు చేరింది. రాష్ట్ర బడ్జెట్‌లోకి రాని డబ్బుకు అక్కడ పద్దు (ఖర్చు రాసే ఖాతా) ఉండదు. 2010లో అది ఆగినప్పుడు, భూగర్భజల శాఖ కొనసాగిద్దామనుకున్నా ఏ పద్దు కింద ఖర్చు రాయాలి?

విదేశీ అప్పు తీరు వేరు. రాష్ట్రం ముందు తన బడ్జెట్ నుంచి ఖర్చు పెడుతుంది, ఖర్చుల పట్టిక పంపి ఢిల్లీ ద్వారా క్లెయిము చేస్తుంది. పద్దు తప్పనిసరి, ఆడిట్ తప్పనిసరి. పన్నెండో ఆర్థిక సంఘం సిఫారసు తర్వాత, 2005 నుంచి, ఆ అప్పు అప్పిచ్చినవారి షరతులతోనే రాష్ట్రానికి బదిలీ అవుతోంది. రూపాయి పడిపోతే ఆ భారం కూడా రాష్ట్రానిదే. అంతకుముందు మనలాంటి రాష్ట్రాలకు అందులో 30 శాతం గ్రాంటుగా వచ్చేది.

యాసంగి

దాతను, పద్దును తిట్టే ముందు 2004ను గుర్తు చేసుకోండి. ఒకపక్క డచ్ డబ్బుతో తక్కువ తోడమని నేర్పుతున్నారు. మరోపక్క ఆ ఏడాది మే నెలలోనే ఉచిత కరెంటు మొదలైంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటలు. తోడిన నీటికి రైతు జేబులోంచి పైసా పోనప్పుడు లోటు అంకె ఎంతకాలం ఆపుతుంది? పైగా మద్దతు ధరకు వరిని కొంటారు, ఆముదాన్ని పట్టించుకోరు. ఉచిత కరెంటు తీసేయమని నేను అనడం లేదు, బోరు మీద బతికే రైతుకు అది ప్రాణం. ఆరుతడి పంటకు కొనుగోలు హామీ ఇవ్వకుండా కేవలం లెక్క నేర్పి లాభం లేదంటున్నాను.

బోరుపాయింటు

యాసంగి గారూ, అందుకే ఇంకో ఉదాహరణ. కేంద్రం భూగర్భజల పథకం అటల్ భూజల్ యోజన 2019 డిసెంబరులో మొదలైంది. 6,000 కోట్లలో సగం ప్రపంచ బ్యాంకు అప్పు. గ్రామ పంచాయతీ స్థాయిలో నీటి బడ్జెట్, ప్రజల ముందు లెక్కలు, ఇవన్నీ మన ఏడు జిల్లాల్లో ముందే చేసి చూసినవే. మొత్తంలో దాదాపు 4,600 కోట్లు ప్రోత్సాహక నిధి, ఫలితం చూపిన రాష్ట్రానికే వచ్చేలా పెట్టారు. అయితే గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లనే ఎంచుకున్నారు. దారి వేసిన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో లేవు.

సేద్యపు_లెక్క

ఖజానా గారి మాట నా వాదనను కొంత మార్చింది. గ్రాంటు అసలు వద్దు అనను. రాష్ట్ర పద్దు తెరవకుండా ఊళ్లోకి రానివ్వకూడదు అంటాను. ఒప్పందంలోనే రాయించాలి: మొదటి ఏడాది దాత వంద శాతం, ఏటా ఇరవై శాతం తగ్గుతూ ఆరో ఏట మొత్తం భూగర్భజల శాఖ మీదికి. ఊరికి కావలసింది కొలత టేపు, దాని బ్యాటరీలు, వర్షమాపకం, ఒక మనిషికి గౌరవ వేతనం, రీడింగులు సరిచూసే జియాలజిస్టు.

ఖజానా_పద్దు

ఇరవై శాతం చొప్పున తగ్గింపుకు ఆర్థిక శాఖ కాగితం మీద ఒప్పుకుంటుంది. ఆరో ఏట గౌరవ వేతనం నిలిపేస్తే దాత అడగలేడు, అప్పటికి వెళ్లిపోయి ఉంటాడు. అటల్ భూజల్‌లోలాగా ఫలితం చూపాకే డబ్బు అని పెట్టి, చివరి విడతను శాఖ సొంత బడ్జెట్‌లో వేతనం చెల్లించిన రుజువుకు ముడిపెట్టాలి. డచ్ వాళ్లలాంటి చిన్న దాత అంత ఆగుతాడా అన్నదే నా సందేహం. అలాంటి షరతుతో నడిచిన గ్రాంటు ఏదైనా తెలిసినవారు రాయండి.