సీఆర్‌పీ 8 వచ్చింది, చెల్లి భయానికి ఇదే కారణమా?

ఖమ్మం అన్న:
మా చెల్లికి 17 ఏళ్లు. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. దసరా సెలవులకు వచ్చినప్పటి నుంచి రాత్రి రెండింటికి లేచి కూర్చుంటోంది. గుండె దడ, అరచేతుల్లో చెమటలు, ముద్ద నోట్లో పెట్టుకోబోతే కడుపులో తిప్పడం. వీక్లీ టెస్ట్ మాటెత్తితే చాలు, బాత్రూమ్‌కి పరుగు. మార్కులు బాగానే వస్తున్నాయి, అందుకే నాకేమీ అర్థం కావడం లేదు.

డాక్టర్ రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ బాగున్నాయి. సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్ అట) మాత్రం లీటరుకు 8 మిల్లీగ్రాములు ఉంది, 5 లోపు ఉండాలట. మా బాబాయి ఏదో వీడియో చూసి, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) వల్లే ఈ భయం అంటూ రోజుకో నొప్పి మాత్ర, రెండు పసుపు క్యాప్సూల్స్ వేయమని తెచ్చిచ్చారు. ఇంకా వేయలేదు. వేయొచ్చా?

సైకియాట్రీ పీజీ, విశాఖ:
వేయకండి తమ్ముడూ. నొప్పి మాత్రలు రోజూ వేస్తే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలకూ దెబ్బ. కూరలో వేసే పసుపుతో భయం లేదు గానీ, గాఢమైన క్యాప్సూల్స్ కొందరికి లివర్‌ని దెబ్బతీశాయి.

మీ బాబాయి గారి మాటలో కొంత నిజం ఉంది. జ్వరమొస్తే ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, అన్నం సయించదు. రోగనిరోధక వ్యవస్థ విడుదల చేసే ఐఎల్-6 లాంటి రసాయనాలు మెదడు మీదా పనిచేస్తాయి కాబట్టే అలా ఉంటుంది. లివర్‌ని సీఆర్‌పీ తయారు చేయమని పురమాయించేదీ ఐఎల్-6నే. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ప్రాంతంలో 1991-92లో పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తున్నారు. వాళ్లలో 16 ఏళ్లప్పుడు జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్, అంటే ప్రతిదానికీ అదుపులేని ఆందోళన ఉండే జబ్బు, ఉన్నవాళ్లకి సీఆర్‌పీ సగటున ఎక్కువ ఉంది. అయితే రెండూ ఒకే వయసులో చూశారు కాబట్టి, ఏది ముందు మొదలైందో దాన్నిబట్టి చెప్పలేం. సరిగ్గా నిద్ర లేకపోయినా, బరువు ఎక్కువున్నా సీఆర్‌పీ పెరుగుతుంది. పైగా అది వేల మంది సగటు. ఒక్కరి రిపోర్టు చూసి యాంగ్జైటీ ఉందో లేదో తేల్చే పరీక్ష కాదిది.

రక్తం ఇచ్చినప్పుడు తనకి జ్వరం, పంటి నొప్పి లాంటివేమైనా ఉన్నాయా?

ఖమ్మం అన్న:
గొంతు నొప్పితోనే ఇంటికి వచ్చిందక్కా. మూడో రోజు రక్తం ఇచ్చాం.

సైకియాట్రీ పీజీ, విశాఖ:
8 రావడానికి ఆ గొంతు నొప్పే చాలు. తగ్గాక సీఆర్‌పీ కొద్ది రోజుల్లోనే దిగుతుంది, కావాలంటే మూడు వారాలాగి మళ్లీ చూపించండి. భయానికి చికిత్స మాత్రం అప్పటిదాకా ఆపొద్దు. సీబీటీ అనే మాటల చికిత్స ఈ వయసులో బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. ముందు 14416కి ఫోన్ చేయించండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

గుంటూరు కుర్రాడు:
అన్నా, నాకు 19 ఏళ్లకే సోరియాసిస్ వచ్చింది, ఇన్‌ఫ్లమేషన్ వల్ల చర్మం మీద మచ్చలొచ్చే జబ్బు. మోచేతులు కనపడకుండా ఎండాకాలంలోనూ ఫుల్ చేతుల చొక్కాలే. చికిత్సతో మచ్చలు తగ్గాయి, నిద్ర కూడా కుదుటపడింది. క్లాసులో లేచి నిలబడాలంటే వణుకు మాత్రం పోలేదు. దానికి వేరేగా ఆరు నెలలు కౌన్సెలింగ్‌కి వెళ్లాను. రెండూ చూపించుకోవాల్సి వచ్చింది.

ఖమ్మం అన్న:
మాత్రలు బాబాయికి తిరిగిచ్చేశాను. రాత్రి మేడ మీద చెల్లి పక్కన కూర్చుని, ఏ రోజు నుంచి ఇలా ఉందని అడిగాను. ర్యాంకు తగ్గితే సెక్షన్ మారుస్తారట. ఆగస్టులో తన రూమ్మేట్‌ని అలాగే మార్చారట. అప్పటి నుంచి నిద్ర లేదంది. రేపు పొద్దున ఇద్దరం కలిసి ఫోన్ చేస్తున్నాం.