సితకంధరా, నీలకంధరా: ఒకే దేవుడికి రెండు మెడలా?

పాతకేసెట్టు:
మొన్న ‘శంకరాభరణం’ పాటలు మొదటినుంచి చివరిదాకా వరసగా విన్నాను. ఎప్పుడూ ‘దొరకునా ఇటువంటి సేవ’ దగ్గర ఆగిపోయి దాన్నే తిప్పి తిప్పి వినేవాణ్ణి. ఈసారి ‘శంకరా నాదశరీరాపరా’ దగ్గర ఇరుక్కున్నాను. చరణం చివర్లో ఉంది కదా, ‘దిక్కరీంద్రజిత హిమగిరీంద్ర సితకంధరా, నీలకంధరా’. సిత అంటే తెలుపు. కంధర అంటే మెడ. తెల్లటి మెడవాడా అని పిలిచి, నోరు మూయకముందే నల్లటి మెడవాడా అంటాడేమిటి? నేను విన్నది తప్పా, రాసినది తప్పా, నా సంస్కృతం తప్పా? మా అమ్మాయి ఈ పాట నేర్చుకుంటూ అర్థం అడిగింది. నాలుగు రోజులుగా తప్పించుకు తిరుగుతున్నాను.

అరసున్న:
ముందు ఒక సంతోషం. మీరు ‘దిక్కరీంద్ర’ అని రాశారు. ఎక్కడ చూసినా ‘ధిక్కరీంద్ర’ అని వత్తు పెట్టి, శివుణ్ణి ఎవరినో ధిక్కరించేవాణ్ణి చేసేశారు. అది దిక్కరి, అంటే దిగ్గజం. ధిక్కారం ఊసే లేదు.
ఇక మీ ప్రశ్న. అది సిత కాదు, శితి. సంస్కృత నిఘంటువు అమరకోశంలో శివుడి పేర్లు గుర్తు తెచ్చుకోండి: ‘ఉగ్రః కపర్దీ శ్రీకంఠః శితికంఠః కపాలభృత్’. శితికంఠుడే ఇక్కడ శితికంధరుడు. శితి అంటే నలుపు. పాట వేగంలో ‘తి’ కాస్తా ‘త’ అయింది. పేచీ తీరింది.

బండిర:
తీరలేదండీ, ముదిరింది. శితికంధరా, నీలకంధరా అంటే నల్లమెడవాడా, నల్లమెడవాడా అని రెండుసార్లు అన్నట్టు. ఈ పాట రాసిన వేటూరి అంతటి కవి పక్కపక్కనే పునరుక్తి చేస్తాడా? పైగా అదే అమరం నానార్థవర్గంలో ‘శితీ ధవళమేచకౌ’ అని ఉంది. శితికి తెలుపూ అర్థమే, నలుపూ అర్థమే. మీరు తెచ్చిన సాక్షి రెండు పక్షాలా సంతకం పెట్టినవాడు.

అరసున్న:
శితికంఠుడిలో శితికి తెలుపు అర్థం ఎవరూ చెప్పలేదు. కాళిదాసు కుమారసంభవం రెండో సర్గలో ‘తస్యాత్మా శితికంఠస్య’ దగ్గర కూడా నలుపే.

బండిర:
నేను శితికంఠుడి గురించి మాట్లాడలేదు. శితి గురించి మాట్లాడాను.

ఏకసంథ:
ఇద్దరూ ఒక్కసారి చెవి పెట్టండి. దిక్కరీంద్రజిత, హిమగిరీంద్రసిత. జిత, సిత. మాత్రలు లెక్కపెట్టండి, ఇది ఎనిమిది, అది ఎనిమిది. తూకం వేసి పెట్టిన రెండు ముక్కలు. అక్కడ ‘శితి’ అంటే ఆ జోడీ చెడుతుంది. కాబట్టి సిత, సందేహం లేదు. అయితే ఆ తెలుపు మెడది కాదు, మనిషిది. దిగ్గజాల్లో దొర ఐరావతం తెలుపు, హిమగిరి తెలుపు, వాటి పక్కన నిలబడ్డ శివుడు తెలుపు. పోతన సరస్వతికి కూర్చినట్టే ఇది తెల్లని వస్తువుల మాల.

‘శారదనీరదేందు ఘనసార పటీర మరాళ మల్లికా
హార తుషార ఫేన రజతాచల కాశ ఫణీశ కుంద మం
దార సుధాపయోధి సితతామరసామరవాహినీ శుభా
కారత నొప్పు నిన్ను మది కానగ నెన్నడు గల్గు భారతీ’

సితతామరస అన్నచోట ‘సిత’ ఎంత చల్లగా కూర్చుందో చూడండి. వేటూరి చెవిలో ఈ పద్యం మోగకుండా ఆ సమాసం పుట్టదు.

పాతకేసెట్టు:
పద్యం చదివి ఆనందించాను. కానీ మెడ సంగతి?

ద్రుతప్రకృతికం:
మెడ దాకా ఎందుకు, తొండం దగ్గరే తిరకాసు ఉంది. ఐరావతాన్ని గెలిచినవాడు అనాలంటే జితదిక్కరీంద్ర అవ్వాలి. ‘ఫలానాది కలవాడు’ అని చెప్పే బహువ్రీహి సమాసంలో ‘జిత’ లాంటి నిష్ఠాంతం (జరిగిపోయిన పనిని చెప్పే విశేషణం) ముందు రావాలి, జితేంద్రియుడు లాగ. దిక్కరీంద్రజిత అంటే తత్పురుష, ఏనుగు చేతిలో ఓడినవాడు! సినిమాలో శంకరశాస్త్రి గుళ్లో వానలో తడుస్తూ, గొంతు చించుకుని, ఏనుగు చేతిలో ఓడిపోయినవాడా అని పిలుస్తున్నాడన్నమాట.

అరసున్న:
ఆహితాగ్ని, అగ్న్యాహితుడు రెండూ ఉన్నాయి కదా. మాటల వరస తిరగబడ్డా చెల్లే ఆ గణంలో పడేయండి.

ద్రుతప్రకృతికం:
కొత్త మాటలు చేర్చుకునే ఆకృతిగణం దొరికిందని ఏనుగుల్ని కూడా తోలేస్తారా అందులోకి? అసలు రూపం దిక్కరీంద్రజిత్ అయి ఉండాలి, ఇంద్రజిత్తు లాగ. కానీ పక్కన హిమగిరి ఉంది. సంధి చేస్తే ‘దిక్కరీంద్రజిద్ధిమగిరీంద్ర’ అవుతుంది. అది బాలు కూడా పాడలేడు. అందుకని బాణీ కోసం ‘జిత’ చేసుంటారు.

పాతరికార్డు:
బాణీ కోసం అనే మాట మాత్రం ఒప్పుకోను. సంగీత దర్శకుడు మహదేవన్ ముందు సాహిత్యం చేతిలో పెట్టుకుని, ఆ మాటల మీదే బాణీ కట్టే మనిషి. మాట కోసం బాణీ వంగింది గానీ బాణీ కోసం మాట వంగలేదు. ఈ పాటల ఆయువుపట్టే అది. మధ్యమావతిలో ఆ సమాసం నడిచే తీరు వింటే, కాగితం మీది ఒత్తులు చూసి స్వరాలు పెట్టినట్టు లేదూ? ఈ పాటకి బాలుకి జాతీయ అవార్డు ఊరికే వచ్చిందా?

బండిర:
అవార్డు వచ్చింది ‘ఓంకార నాదానుసంధానమౌ గానమే’ పాటకి.

పాతరికార్డు:
నాకు తెలుసు. సినిమాకి అన్నాను.

బండిర:
పాటకి అన్నారు. పైన ఉంది.

వీణాతంత్రి:
అవార్డులు పక్కన పెట్టండి బాబూ. నాకు పదేళ్లుగా ఒక ఊహ ఉంది, నవ్వకండి. మొదటిది కంధర కాదు, కందర. దకి ఒత్తు లేదు. కందర అంటే గుహ. హిమగిరీంద్ర సితకందరా, అంటే మంచుకొండ తెల్లగుహల్లో ఉండేవాడా అని. ఆ తర్వాత ఒత్తు పెట్టి నీలకంధరా. గుహ, మెడ. తెలుపు, నలుపు. ఒకే మాటని వేరే అర్థంతో తిప్పే యమకంలాంటి ఆట. ఒక్క ఒత్తుతో రెండు మెడల పేచీ పోయింది కదా!
గుహే ఎందుకంటారేమో. కుమారసంభవం మొదటి సర్గలో హిమవంతుడు గుహల నోళ్లలోంచి గాలి ఊది వెదురు బొంగుల రంధ్రాలు నింపుతాడు. పాడబోయే కిన్నరులకి తానం అందించాలని ఉందా అన్నట్టు. ‘దరీముఖోత్థేన సమీరణేన’. కొండగుహే శ్రుతిపెట్టె! నాదోపాసన గురించి రాస్తున్న కవికి హిమాలయం అనగానే ఆ శ్లోకం గుర్తురాదా?

ఏకసంథ:
అమ్మా, ఊహ చాలా అందంగా ఉంది. నవ్వే పని లేదు. కానీ ‘సితకందరుడు’ అంటే తెల్లటి గుహలు కలవాడు అవుతాడు. ఆ గుహలు హిమవంతుడివి, అంటే మామగారివి. అల్లుడికి రాసిచ్చేశారా?

వీణాతంత్రి:
ఇల్లరికపు అల్లుడే కదండీ. ఉండేది అక్కడే.

ఉకారసంధి:
వీణాతంత్రి గారికి నా ఓటు, పోతన సాక్షిగా. భాగవతం అష్టమస్కంధంలో విషం ఎక్కడ పెట్టుకున్నాడు శివుడు?

‘ఉదరము లోకంబులకును
సదనం బగు టెఱిగి శివుడు చటులవిషాగ్నిం
గుదురుకొన గంఠబిలమున
బదిలంబుగ నిలిపె సూక్ష్మఫలరసము క్రియన్’

కంఠబిలం! మెడే గుహ అన్నాడు పోతన. ఆ మాట పట్టుకుంటే కందర, కంధర వేరే కాదు. ఇక్కడ ‘సూక్ష్మఫలరసము క్రియన్’ అన్నది చూడండి. లోకాలు కాల్చే విషాన్ని చిన్న పండు రసంలా గొంతులో నిలిపాడట. పొట్టలో లోకాలున్నాయి, దిగితే వాటికి తగులుతుందని. ఈ ‘బదిలంబుగ’ దగ్గర నాకు ఎప్పుడూ గొంతు పట్టుకుంటుంది.

అరసున్న:
అదొక్కటేనా? ‘మ్రింగెడి వాడు విభుండని మ్రింగెడిదియు గరళమనియు మేలని ప్రజకున్, మ్రింగుమనె సర్వమంగళ, మంగళసూత్రంబు నెంత మది నమ్మినదో!’ దాని ముందు ఏ పద్యమైనా దిగదుడుపే. మింగేవాడు మొగుడు, మింగేది విషం, మింగమన్నది పెళ్లాం. అందులోనూ సర్వమంగళ అన్న పేరే ఎంచుకున్నాడు. గౌరి అనో పార్వతి అనో అంటే పద్యం చచ్చిపోయేది.

ద్రుతప్రకృతికం:
హాలాహలభక్షణం అనగానే అందరూ పోతన దగ్గరికే పరిగెత్తుతారు. శ్రీనాథుడి హరవిలాసంలోనూ ఉంది ఆ కథ. పైగా వేటూరి పుట్టింది పండితుడు ప్రభాకరశాస్త్రి గారి కుటుంబంలో. ‘శృంగార శ్రీనాథము’ రాసిన ఇల్లు అది. శ్రీనాథుడు వాళ్లింట్లో మనిషి కింద లెక్క. దిక్కరీంద్ర, హిమగిరీంద్ర అని గజాన్నీ గిరినీ ఇంద్రులతో ఢీకొట్టించడం శ్రీనాథుడి చెయ్యి. పోతనది వెన్న, ఇది ఉక్కు.

ఏకసంథ:
‘శారదనీరదేందు’ వెన్నా? మళ్లీ చదవండి.

పాతకేసెట్టు:
అయ్యలారా, అమ్మలారా! మా అమ్మాయి కంధరా అనాలా, కందరా అనాలా?

శకటరేఫ:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. అందరూ విరుపు తప్పు చోట వేశారు. ‘సిత’ దగ్గర ఆపండి. ఏకసంథ గారు గుమ్మందాకా వచ్చి వెనక్కెళ్లిపోయారు. హిమగిరీంద్రసిత: హిమగిరిలా తెల్లనివాడు, ఘనశ్యాముడి లాంటి సమాసమే. ఇక మిగిలింది ‘కంధర నీలకంధరా’. కంధరానికి మెడ ఒక్కటే కాదు అర్థం. కం అంటే నీరు. కంధి సముద్రమైనట్టే కంధరం మేఘం. కంధరనీలకంధరా అంటే మబ్బులా నల్లనైన మెడ కలవాడా! మొదటి కంధర మబ్బు, రెండోది మెడ. ఒళ్లంతా మంచుకొండ, గొంతు దగ్గర మబ్బు. ఇప్పుడు ఆ దృశ్యం చూడండి: బయట వాన, లోపల లింగం, నోట ఈ మాట.

వీణాతంత్రి:
అబ్బ! నా గుహ కూలిపోయినా బాధ లేదు.

అరసున్న:
బాగానే ఉంది, ఒక్క ‘రా’ తప్ప. మీ సమాసం నిలవాలంటే ‘కంధర’ హ్రస్వంగా ఉండాలి. పాటలో స్పష్టంగా ‘కంధరా’ అని దీర్ఘం. దీర్ఘం పడిందంటే సంబోధన, సంబోధన పడిందంటే సమాసం తెగింది. అంటే మళ్లీ సితకంధరా. మళ్లీ తెల్లమెడ.

శకటరేఫ:
దీర్ఘం పాటది, పదానిది కాదు. ‘సామజవరగమన’లో ఎన్నెన్ని హ్రస్వాలు సాగతీస్తాం!

ద్రుతప్రకృతికం:
పైన పాతరికార్డు గారు ఏమన్నారు? మాటని బట్టే మహదేవన్ బాణీ కట్టాడని. అప్పుడు ఆ దీర్ఘం వేటూరి కాగితం మీద ఉండే ఉండాలి. రెండూ ఒకేసారి కుదరవు.

పాతరికార్డు:
నన్ను లాగకండి. నేను అన్నది నిజమే, కానీ దీర్ఘం సంగతి నేను అనలేదు.

బండిర:
నా చెవికి బాలు ‘సితకంధరా’ అని కలిపే అంటాడు, ఆ తర్వాతే ‘నీలకంధరా’ విడిగా వస్తుంది. శకటరేఫ గారి విరుపు కాగితం మీదే అందం.

శకటరేఫ:
గాయకుడి ఊపిరి వ్యాకరణానికి ప్రమాణమా? అలా అయితే పల్లవిలోనే ‘నాదశరీరాపరా’ అని కలిపేస్తాడు. శరీరానికి అపరుడా అని అర్థం తీస్తామా? ‘వేదవిహారా, హరా’ పక్కన పెట్టి చూస్తే ‘నాదశరీరా, పరా’ అని తెలిసిపోతుంది.

బండిర:
అపరా అని తీసేవాళ్లూ ఉన్నారు. తనకి మించిన పరుడు లేనివాడు అపరుడు. నేను అందులో ఒకణ్ణి.

శకటరేఫ:
ఓహో, మీరేనా!

ఉకారసంధి:
అది ఇంకో పేచీ, ఇంకో రోజు. దానికంటే ముందు ‘క్షుద్రులెరుగని రుద్రవీణ’ తర్వాత వచ్చే ‘నిర్నిద్ర’కి ఎక్కడ చూసినా ణ తగిలిస్తున్నారు, దాని సంగతి తేల్చండి. ఆ చివరి ‘అవధరించరా’ సంగతి కూడా. రాజుల ముందు విన్నపంలో వాడే మాట అవధరించు. దాని తోక పట్టుకుని ‘రా’ అన్నాడు. సభలో వంగి దండం పెట్టి, లేచి భుజం మీద చెయ్యేసినట్టు ఉంటుంది. ఈ చరణంలో నాకు నచ్చిన ‘రా’ అది. మీరు కొట్టుకుంటున్నది కాదు.

పాతకేసెట్టు:
ఈ సాయంత్రం అమ్మాయి పాడింది. మీరు రాసినవన్నీ ముందే చదివి వినిపించాను. మబ్బు నచ్చిందంది. అయినా అలవాటు కొద్దీ ‘సితకంధరా’ అని కలిపే పాడింది, దీర్ఘంతో సహా. ఒత్తు పలికిందా లేదా అని చెవి రిక్కించి కూర్చున్నాను గానీ సరిగ్గా అక్కడే మృదంగం గట్టిగా పడింది.

అరసున్న:
రికార్డు చేశారా? చేస్తే ఇక్కడ పెట్టండి. ద నో ధ నో నేను చెబుతాను.

బండిర:
మీరు చెబితే నేను ఒప్పుకోవాలిగా.