ఇరవై బంగారాలు తెచ్చిన కెనడా ఐస్ హాకీ జూనియర్ జట్టు వరసగా మూడేళ్ళు చెక్ వాళ్ళ చేతిలో ఓడితే ఏమనాలి?

కావలి కండక్టర్ (రిటైర్డ్):

ముందే చెప్తా ఉండా, ఇది మన హాకీ గాదు, మంచు మీద ఆడే హాకీ. కావలోడికి ఐస్ హాకీ ఏందయ్యా అని నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. నవ్వినాక నా ప్రశ్నకు జవాబు చెప్పండి.

మా అమ్మాయి, అల్లుడు కెనడాలో కాల్గరీలో ఉండారు. ఆర్టీసీలో రిటైరైనాక చలికాలం ఆడికి పోయి ఉంటే మనవడిని తెల్లారుజామున రింక్‌కు (మంచు మీద ఆడే చోటుకు) తీసకపోయే పని నా నెత్తిన పడింది. అల్లుడు కారు తోల్తాడు, నేను బ్యాగు మోస్తా. హెల్మెట్టు, భుజాలకు ప్యాడ్లు, మోకాళ్ళకు ప్యాడ్లు, స్కేట్లు, గ్లవ్‌లు అన్నీ దాంట్లోనే. ఆ బ్యాగు జిప్పు తీస్తే వచ్చే కంపు, మే నెలలో నిలబడే చోటు గూడా లేని ఉదయగిరి బస్సులో గూడా నేను చూళ్ళేదు. వాళ్ళకు అదొక సువాసన. సరే, చూడంగా చూడంగా నాకూ పిచ్చి పట్టింది.

ఏటా డిసెంబర్ 26న ప్రపంచ జూనియర్ పోటీలు మొదలవతాయి. ఇరవై ఏళ్ళ లోపు పిల్లోళ్ళు ఆడేది. ఆడ ఇళ్ళల్లో క్రిస్మస్ పండగలో ఇదీ ఒక భాగం. కెనడా ఇప్పటికి 20 బంగారాలు తెచ్చింది, అంత తెచ్చిన దేశం ఇంకొకటి లేదు. 1993 నుంచి 97 దాకా వరసగా అయిదు, మళ్ళీ 2005 నుంచి 2009 దాకా వరసగా అయిదు. 2022లో గెలిచినారు, 2023లోనూ గెలిచినారు.

ఆ తర్వాత చూడండి. 2024లో గోథెన్‌బర్గ్‌లో క్వార్టర్ ఫైనల్లో చెక్ మీద 3-2తో పోయినారు. ఆట అయిపోవడానికి పట్టుమని పన్నెండు సెకన్లు లేవు, కొట్టిన పక్కు (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) కెనడా పిల్లోడికే తగిలి గోల్లోకి పోయింది. పోనీలే, ఖర్మ అనుకున్నా. 2025లో సొంతూరు ఒట్టావాలో అదే చెక్, అదే క్వార్టర్ ఫైనల్, 4-3. అప్పుడు నేను కావలిలోనే ఉండా. ఆడ రాత్రి ఏడున్నరంటే మనకు తెల్లారి ఆరు. మనవడు ఫోను టీవీ ముందర నిలబెట్టి వీడియో కాల్ పెట్టినాడు. ఇంకా 40 సెకన్లు గూడా లేవు, మనోళ్ళలో ఒకడు పెనాల్టీ బాక్సులో కూర్చోనుండాడు, పవర్ ప్లేలో, అంటే మనోళ్ళు ఒకడు తక్కువున్నప్పుడు, చెక్ వాడు కొట్టేసినాడు. కాఫీ గ్లాసు తెచ్చిన మా ఇంటావిడ నా మొగం చూసి ఎవరన్నా పోయినారా అని అడిగింది.

2026లో మిన్నెసోటాలో సెమీస్‌లో 6-4. మళ్ళీ చెక్కే! చివరికి కంచుతో తిరిగొచ్చినారు. కంచు గూడా గొప్పే గదా అనొద్దు. కెనడాలో ఈ జట్టుకు కంచు వస్తే ఎవరూ స్వీట్లు పంచరు.

నా కోపమంతా సెలక్షన్ మీద. 2025 జట్టు అయిదు ఆటల్లో కలిపి 13 గోళ్ళు కొట్టింది. 2023లో బెడార్డ్ అనే పిల్లోడు ఒక్కడే ఏడు ఆటల్లో 9 కొట్టినాడు. పోనీ కొట్టేవాళ్ళు దొరకలేదా అంటే, జేన్ పరేఖ్ అని ఒకడుండాడు. ఇంటిపేరు విని నాకు ఇంకాస్త అభిమానం అనుకోండి. డిఫెన్స్ ఆడేవాడు, ఒక్క సీజన్లో 33 గోళ్ళు కొట్టుండాడు. వాడిని ఇంట్లో కూర్చోబెట్టినారు. 2024లో ఎన్‌హెచ్‌ఎల్ (ఆడి పెద్ద ప్రొఫెషనల్ లీగు) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులేసుకుని కుర్రోళ్ళను ఏరుకునే కాడ, మూడోవాడిగా పోయిన సెనెకీని గూడా తీసుకోలా. ఢీకొట్టేవాళ్ళు కావాలి, బరువైనవాళ్ళు కావాలి, 'పాత్ర తెలిసి ఆడేవాళ్ళు' కావాలంట! గోలు కొట్టేది ఒక పాత్ర కాదా?

ఇంతకీ నేనడిగేది ఇది. ఈ ప్రోగ్రామే దిగజారిందా, లేకపోతే మిగతా దేశాలు పైకొచ్చినాయా? ఆడ ఉండే మనోళ్ళు, ఆటలు తెలిసినోళ్ళు చెప్పండబ్బా.

కందుకూరు అబ్బాయి, టొరంటో:

బాబాయ్, నమస్తే. మీ పోస్టు చూసి ఆఫీసులోనే నవ్వా. మాది కందుకూరు. ప్రకాశమా నెల్లూరా అని మాత్రం అడక్కండి, మా ఊరు ఏ జిల్లాలో ఉందో సెలవులకు వచ్చినప్పుడల్లా కనుక్కోవాల్సి వస్తోంది.

సెలక్షన్ గురించి మీరన్నది 2025కి సరిపోద్ది, 2026కి సరిపోదు. 2026లో మీ పరేఖ్‌ని తీసుకున్నారు కదా, వాడి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు కాల్గరీ ఫ్లేమ్స్ వాళ్ళే వదిలారు, బ్రహ్మాండంగా ఆడాడు కూడా. మెకెన్నా ఉన్నాడు, మీసా ఉన్నాడు, మార్టోన్ ఉన్నాడు. సెమీస్‌లో నాలుగు కొట్టారు. కొట్టినా ఆరు తిన్నారు. ఇంక సెలెక్టర్లను ఏమంటారు?

చెక్ వాళ్ళని తక్కువగా చూడటం మానెయ్యాలి బాబాయ్. 2023లో వెండి, 2024లో కంచు, 2025లో కంచు, 2026లో వెండి. నాలుగేళ్ళుగా ఒక్కసారి కూడా ఖాళీ చేతుల్తో ఇంటికి పోలేదు. ఆ దేశ జనాభా కోటి పైచిలుకు. మన పాత నెల్లూరు, పాత ప్రకాశం జిల్లాలు రెండూ కలిపితే 2011 లెక్కల్లో 63 లక్షలు. అంటే మనలాంటి జిల్లాలు మూడు నాలుగు కలిపితే వచ్చే జనంలోంచి వస్తోంది ఆ జట్టు.

ఇంకో సంగతి. కెనడాలో బాగా ఆడేవాళ్ళని పద్దెనిమిదికే ఎన్‌హెచ్‌ఎల్ ఎత్తుకుపోద్ది. 2024లో బెడార్డ్‌కి వయసుంది, కానీ వాడి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు చికాగో వదల్లేదు. 2025లో సెలెబ్రినీకీ వయసుంది, అప్పటికే ఎన్‌హెచ్‌ఎల్‌లో శాన్ హోజే జట్టుకి ఆడుతున్నాడు. ఆ ఇద్దరూ ఉండి ఉంటే మనం ఈ ముచ్చట పెట్టుకునేవాళ్ళమే కాదు.

అసలు దిగజారింది కింద, పిల్లల దగ్గర. మా వీధిలో వాళ్ళబ్బాయి ట్రిపుల్ ఎ లెవెల్‌లో, అంటే పిల్లల హాకీలో పై మెట్టులో ఆడతాడు. క్లబ్ ఫీజు, ఐస్ టైము, వేరే ఊళ్ళలో టోర్నమెంట్లు, హోటళ్ళు, వేసవిలో ప్రైవేట్ కోచింగ్ అన్నీ కలిపితే ఏడాదికి పది వేల డాలర్లు ఎప్పుడో దాటేసింది. మంచు మాత్రం ఊరినిండా ఉంది, దాని మీద కాలు పెట్టడానికే డబ్బులు. డాక్టర్ల పిల్లలు, బిజినెస్ వాళ్ళ పిల్లలు మిగులుతున్నారు. ఆకలితో ఆడేవాడు పదేళ్ళకే సాకర్‌కో బాస్కెట్‌బాల్‌కో పోతున్నాడు.

దానికి తోడు 2022లో బయటపడిన సంగతి తెలుసు కదా. లైంగిక వేధింపుల కేసులు సెటిల్ చేసుకోడానికి హాకీ కెనడా (ఇక్కడి జాతీయ హాకీ సంఘం) ఒక ఫండ్ వాడింది, ఆ ఫండ్‌లో తల్లిదండ్రులు కట్టిన రిజిస్ట్రేషన్ ఫీజులు ఉన్నాయి. 1989 నుంచి 21 మంది ఫిర్యాదుదారులకు 89 లక్షల డాలర్లు ఇచ్చామని పార్లమెంటు కమిటీ ముందు వాళ్ళే చెప్పారు. కాఫీ షాపుల టిమ్ హార్టన్స్ లాంటి స్పాన్సర్లు వెనక్కి తగ్గారు, ఆ అక్టోబర్‌లో సీఈఓ, బోర్డు మొత్తం దిగిపోయింది. అప్పట్నుంచి ఫీజు కట్టేటప్పుడు ఇది ఎక్కడికి పోద్దో అని ప్రతి తల్లీ తండ్రీ ఒక క్షణం ఆగుతున్నారు. కప్పు ఓడితే వచ్చే ఏడు గెలవొచ్చు, ఇది అంత తొందరగా వచ్చేది కాదు.

పీఈటీ మాస్టారు, ఒంగోలు:

మంచు హాకీ నేను ఎప్పుడూ ఆడలేదు, మైదానంలో హాకీ ఆడాను, ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత ఆడించాను. కండక్టర్ గారూ, మీ బాధ మాకు కొత్త కాదు. 1928 నుంచి 1956 దాకా ఒలింపిక్స్‌లో వరసగా ఆరు బంగారాలు మనవే. 1976లో మాంట్రియల్‌లో గడ్డి పోయి టర్ఫ్ వచ్చింది, మనం ఏడో స్థానానికి పడ్డాం. (అది మీ కెనడాయే!) 2008లో బీజింగ్‌కు అర్హతే రాలేదు. జూనియర్లలో అయితే 2001లో హోబర్ట్‌లో ప్రపంచ కప్పు గెలిచాం, 2013లో సొంత ఢిల్లీలో పదో స్థానం. అప్పుడూ అందరూ ఇదే మాట అడిగారు, మనం దిగజారామా, వాళ్ళు ఎదిగారా అని. 2016లో లక్నోలో మళ్ళీ గెలిచాం, 2025లో చెన్నైలో కంచు తెచ్చాం.

టొరంటో అబ్బాయి చెప్పిన డబ్బు సంగతి నిజం. కానీ జట్టు ఓటమికి కారణం అది కాదని నా అభిప్రాయం. చివరి నిమిషంలో గోలు తినడం ఫీజుల వల్ల రాదు. కలిసి ఆడే అలవాటు లేకపోవడం వల్ల వస్తుంది. అమెరికా వాళ్ళు 1996లో ఒక పద్ధతి పెట్టారు. దేశంలో పదహారు, పదిహేడేళ్ళ మంచి పిల్లల్ని ఏరి మిషిగన్‌లో ఒకేచోట రెండేళ్ళు ఉంచుతారు. అక్కడే చదువు, అక్కడే ఆట. ఇరవైలోపు జట్టుకొచ్చేసరికి వాళ్ళలో చాలామందికి ఒకడు పాస్ ఎటు ఇస్తాడో ఇంకొకడికి కళ్ళు మూసుకున్నా తెలుసు. 2024, 2025 రెండేళ్ళూ బంగారం వాళ్ళదే. కెనడా పిల్లలు మూడు పెద్ద జూనియర్ లీగుల్లో, అరవై దాకా క్లబ్బుల్లో చెల్లాచెదురుగా ఉంటారు. డిసెంబర్‌లో క్యాంపు పెట్టి, కొద్ది రోజుల్లోనే జట్టు ప్రకటిస్తారు. ఇక్కడ జిల్లా సెలక్షన్లకు పిల్లల్ని తీసుకెళ్ళిన వాడిని, పొద్దున ట్రయల్స్ పెట్టి సాయంత్రానికి లిస్టు గోడకు అంటిస్తే ఎలాంటి జట్టు వస్తుందో నాకు బాగా తెలుసు. పేర్లన్నీ గొప్పవే ఉంటాయి. రెండో ఆటకల్లా ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటారు.

ఇంతకంటే ఘోరంగా కూడా పడ్డారు వాళ్ళు. 1998లో కజకిస్తాన్ చేతిలో 6-3తో ఓడి ఎనిమిదో స్థానం. మరుసటి ఏడు పెద్ద సదస్సు పెట్టుకుని, పిల్లలకు మ్యాచ్‌లు తగ్గించి ప్రాక్టీసు పెంచండి, ఒళ్ళు కాదు నైపుణ్యం చూడండి అని తీర్మానించుకున్నారు. 2005 నుంచి వచ్చిన అయిదు బంగారాలు ఆ తర్వాతవే.

సూళ్ళూరుపేట:

మన పిల్లోళ్ళకు ఆడుకోను గ్రౌండ్ లేదు, కెనడా వాళ్ళకు కంచు వచ్చిందని మీరు ఏడస్తా ఉండారు. బాగుంది సామీ.

కావలి కండక్టర్ (రిటైర్డ్):

సూళ్ళూరుపేట తమ్ముడూ, మీరు గ్రౌండ్ గురించి ఒక పోస్టు పెట్టండి, ఆడికొచ్చి గూడా ఏడస్తా. కన్నీళ్ళకేం కొదవ లేదు.

మాస్టారూ, మీరు చెప్పినదాంట్లో క్యాంపు సంగతి నాకు బాగా ఎక్కింది. ఒళ్ళు గాదు నైపుణ్యం చూడండి అని 1999లో వాళ్ళే రాసుకున్నారంటే, 2025 లిస్టు రాసినోళ్ళు ఆ కాగితం ఏ బీరువాలో పెట్టి మర్చిపోయినారో. అబ్బాయ్, నువ్వు సెలెక్టర్లను ఊరికే వదిలేస్తా ఉండావు. 2026లో పరేఖ్‌ను తీసుకున్నారంటే 2025లో తీసుకోకపోవడం తప్పని వాళ్ళే ఒప్పుకున్నట్టు గదా? ఆరు గోళ్ళు తిన్నది మాత్రం కాదనలేను. దానికి నా దగ్గర జవాబు లేదు, మాస్టారు దగ్గరే ఉండాది.

డబ్బు గురించి నువ్వు రాసింది చదివి మా అల్లుడికి ఫోన్ చేసినా. మావోడు ఇంకా ఆ ట్రిపుల్ ఎ దాకా పోలేదు. అయినా పోయినేడు వాడి జట్టులో బాగా ఆడే ఇద్దరు పిల్లోళ్ళు ఈ ఏడు రాలేదంట. ఒకడి నాయన ట్రక్కు తోల్తాడు. గోల్‌కీపరుగా నిలబడేవాడు, ఆ ప్యాడ్ల ఖరీదే వేలల్లో ఉంటాది. నేను ఆడ ఉన్నప్పుడు ఆ పిల్లోడు పక్కును ఆపి నా వైపు చూసి గ్లవ్ ఎత్తేవాడు. నాకు వాడి భాష రాదు, వాడికి నా భాష రాదు, అయినా వాడొక్కడే నన్ను పలకరించేవాడు. వాడిని పొమ్మన్నది ఏ సెలెక్టరూ గాదు.

ఇంకొకటి అడగాల. కెనడా జూనియర్ లీగుల్లో ఆడినోళ్ళను ఇప్పుడు అమెరికా కాలేజీలు గూడా తీసుకుంటా ఉండాయంట గదా? మెకెన్నా పెన్ స్టేట్‌కు పోయినాడని మనవడు చెప్పినాడు. ఇది మంచిదా చెడ్డదా?

కందుకూరు అబ్బాయి, టొరంటో:

అవును బాబాయ్. కెనడా జూనియర్ లీగుల్లో ఆడితే కాలేజీ ఆట పోయినట్టే అని ఇదివరకు రూలు. 2024 నవంబర్లో ఎత్తేశారు, 2025 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. పిల్లలకి మంచిదే, చదువుకి చదువు, పెద్ద వయసు వాళ్ళతో ఆడే అనుభవం. ఊళ్ళలో ఉండే జూనియర్ క్లబ్బులకి మాత్రం దెబ్బ. పంతొమ్మిదేళ్ళ స్టార్ వెళ్ళిపోతే ఆ స్టేడియంకి టికెట్ కొనేదెవరు? మాస్టారు లెక్కన చూస్తే పిల్లలు ఇంకా చెల్లాచెదురవుతారు.

ట్రక్కు డ్రైవర్ గారి అబ్బాయి గురించి: వాడిన సామాన్లు ఇచ్చే సంస్థలు, ఫీజులో సాయం చేసే ఫండ్లు ఉన్నాయి. కెనడాలో జంప్‌స్టార్ట్ అని ఒకటుంది, కెనడియన్ టైర్ వాళ్ళది, ఇంట్లో ఆదాయం తక్కువైతే పిల్లల ఆటల ఫీజుకి సాయం చేస్తారు. మీ అల్లుడిగారిని వాళ్ళకి ఒక మాట చెప్పమనండి. చాలామంది మొహమాటపడి అడగరు.

కావలి కండక్టర్ (రిటైర్డ్):

చెప్పిస్తా నాయనా. మొహమాటం పడితే నేనే ఆడ దిగినాక వాళ్ళింటికి పోయి చెప్తా.

2027 పోటీలు ఎడ్మంటన్‌లో, రెడ్ డీర్‌లో అంట. రెడ్ డీర్ కాల్గరీ నుంచి 150 కిలోమీటర్లే, నా సర్వీసులో అది ఒక పూట డ్యూటీ. డిసెంబర్ 26కు ఆడుండేట్టు టికెట్ బుక్ చేయమని అమ్మాయికి చెప్పినా. చెక్ ఆట ఉండే రోజు సీట్లు దొరికే మార్గం ఎవరికన్నా తెలిస్తే ఈడే రాయండి. మాస్టారూ, మీకు గూడా ఒక సీటు చూడమంటారా?

పీఈటీ మాస్టారు, ఒంగోలు:

నాకు ఒంగోలు డిసెంబరు చలే ఎక్కువ. మీరు వెళ్ళి క్యాంపు ఎన్ని రోజులు పెట్టారో కనుక్కుని రాయండి.